రెండు వేళ్ల మట్టం

మిరపకాయ రంగు పోకుండా నిల్వ ఉండాలంటే దానికి ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు. ఇప్పుడు నా సంగతీ అంతే. కొండ్రుపాడు మిర్చి యార్డు వెనక నా సొంత కోల్డ్ స్టోరేజీ ఉంది. సరుకు గదులకు ముందున్న చిన్న గదిలో మంచం వేసుకుని ఉంటున్నాను. గోడకు అవతల మిర్చి టిక్కీలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. టిక్కీ అంటే మా దగ్గర మిరపకాయలు కూరిన గోతాం. వాటికీ నాకూ తేడా ఒక్కటే. మంచి ధర వచ్చిన రోజున వాటిని బయటికి తీస్తారు.

నా పేరు కొత్తమాసు పాండురంగం. కమీషన్ వ్యాపారిని. రైతు తెచ్చిన కాయను ఎగుమతి వ్యాపారికి అమ్మిపెట్టడం నా పని. ఇద్దరి మధ్యా నిలబడి, ఇద్దరికీ నేనే మేలు చేశానని ఇద్దరినీ నమ్మించాలి. నాకేం వస్తుంది, నాకేం పోతుంది అని చూసుకోకుండా ఏ పనీ చేసిన మనిషిని కాను. ఉంగరం పెట్టుకున్నప్పుడు కూడా చూసుకున్నాను.

ఆ ఉంగరాలు మా ఊరికి వచ్చింది చలికాలంలో, కొత్తకాయ దిగడం మొదలైనప్పుడు. పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ హైమవతి అనే అమ్మాయి వచ్చి మా కొట్టు ముందు బల్ల వేసుకుని కూర్చుంది. కాయ దుమ్ముకు ఆగకుండా తుమ్ముతూనే మాట్లాడింది.

"సూది లేదు బాబాయిగారూ, చుక్క రక్తం తీయం. ఉంగరం లోపలివైపు చిన్న వెలుగు ఉంటుంది. అది వేలి కండలోంచి పోయి రక్తంలో యూరిక్ యాసిడ్ మట్టం ఎంతుందో చూసి మాకు పంపుతూ ఉంటుంది. పగలూ రాత్రీ."

"పంపితే నాకేంటమ్మా?"

"అది ఎక్కువైతే కీళ్లు పట్టేస్తాయి. లోపల్లోపల కిడ్నీలు పాడవుతాయి. ముందే తెలిస్తే బాగుచేస్తాం. డబ్బులేమీ అక్కర్లేదు."

"ఉంగరం మళ్లీ తిరిగివ్వాలా?"

ఆమె తుమ్ముతూనే నవ్వింది. "మీకే ఉంచుకోండి."

ఆ అమ్మాయి చెప్పిన మాటల్లో ఒకటి నాకు బాగా నచ్చింది. మా బజారువాళ్లనే కాదు, మగ్గాలపేటనూ, తండానూ, టిక్కీలు మోసే ముఠా కూలీల కాలనీనీ అందరినీ కొలుస్తారట. ఒక్కో జనం తిండి వేరు, పని వేరు, పుట్టుక వేరు. ఎవరి మామూలు మట్టం ఏదో తెలియకుండా ఎవరికి ఎక్కువైందో చెప్పలేం అంది. ఇది మాకు తెలిసిన విద్యే. తేజా కాయ ఘాటు చూసి బ్యాడిగికి ధర కట్టం. ఏ రకానికి ఆ రకం నమూనా తీయాలి. మనిషి తెలివైంది అనుకుని వేలు చాపాను. స్నానంలో కూడా తీయవద్దంది. మేమెవ్వరమూ తీయలేదు. చేసిన తప్పేదైనా ఉందంటే అదే.

మా యార్డులో కంప్యూటర్లున్నాయి, గోడ మీద ధరలు పరిగెత్తే బోర్డులున్నాయి. అసలు బేరం మాత్రం తువాలు కిందే. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు. ఏ వేలు పట్టుకున్నాడు, ఏ కణుపు నొక్కాడు అన్నదాన్నిబట్టి ధర నడుస్తుంది. పైన మాత్రం ఎండల గురించో, పెళ్లిళ్ల గురించో మాట్లాడుకుంటూ ఉంటాం. పక్కనే ఉన్న రైతుకు తువాలు కనిపిస్తుంది, వేళ్లు కనిపించవు. బేరం తెగేదాకా చెయ్యి వదలం. ఒకరిని వదిలితే ఇంకొకరు పట్టుకుంటారు. కాయ దిగే రోజుల్లో నా కుడిచెయ్యి నా దగ్గర ఉన్నదానికంటే ఇంకొకరి చేతుల్లో ఉన్నదే ఎక్కువ. ఉంగరాలు కూడా అందరం ఆ చేతికే పెట్టుకున్నాం. ఎడమచేతికి ఉంగరం మా ఇళ్లలో పెట్టుకోరు.

మాఘం వెళ్లేసరికి ఊరందరి కొలతలూ వచ్చాయి. అందరికంటే ఎక్కువ మట్టం మా బజారుదే. మాంసం తినే వీధులు దాటి, కల్లు తాగే పేటలు దాటి, కోడిగుడ్డు కూడా ఇంటికి తేని మేము మొదట నిలిచాం. హైమవతి నమ్మలేక మా ఇంటికే వచ్చింది.

"మీరు రోజూ ఏం తింటారు పిన్నిగారూ?" అని నా భార్యను అడిగింది.

"పప్పు, చారు, పెరుగు," అంది కనకం. "ఇంకేం దాచాంలే తల్లీ, వంటింట్లోకొచ్చి డబ్బాలు తీసి చూసుకో."

ఆమె నిజంగానే వెళ్లి చూసింది. బయటికి వచ్చాక, కాయ ఘాటే కారణమని తన పైవాళ్లు అంటున్నారని చెప్పింది. యార్డులో ఆ దుమ్ము పీల్చినవాళ్లకు రక్తంలో యూరిక్ యాసిడ్ పెరుగుతోందట. "నాకు మాత్రం ఇది ఇంకా నప్పడం లేదు," అంది చెప్పులు వేసుకుంటూ. నప్పనిది ఎక్కడో నేను అడగలేదు. వైద్యం ఎప్పుడు మొదలుపెడతారని అడిగాను.

వైద్యం అంటే గింజ. ఆవగింజ కంటే కాస్త పెద్దది. జబ్బ దగ్గర తోలు కిందకు ఎక్కిస్తారు. కుక్కకూ, ఆవుకూ, ఎలుకకు కూడా లేని యూరిక్ యాసిడ్ గొడవ మనిషికే ఎందుకొచ్చిందంటే, దాన్ని కరిగించే రసాన్ని తయారుచేయడం మనిషి లివరు ఎన్నో యుగాల కిందట మర్చిపోయిందట. గింజ కరిగి లివరుకు చేరి ఆ పని మళ్లీ నేర్పుతుంది. ఒకసారి నేర్చుకున్నాక లివరు మర్చిపోదు, ఇంకెప్పుడూ మందు అక్కర్లేదు. మట్టాన్నిబట్టి చిన్న గింజ, పెద్ద గింజ ఉన్నాయి. మా బజారుకు పెద్దది రాశారు.

మా అన్నయ్య కిడ్నీలు పోయి, రక్తం కడిగే యంత్రం పక్కన పడుకుని పడుకుని వెళ్లిపోయాడు. ఆ ఆసుపత్రి వరండాలో కూర్చున్న రోజులు నాకు గుర్తున్నాయి. వచ్చేది చూసుకున్నాను, పోయేది ఏమీ కనిపించలేదు. మొదటి విడతలో మొదటి పేరు నాదే రాయించుకున్నాను.

ఎగుమతి వ్యాపారి నాగూర్ మీరా నా పక్కనే నిలబడి చూశాడు. బిరియానీ అన్నా, రొయ్యల వేపుడన్నా ప్రాణం పెట్టే మనిషి. కాలి బొటనవేలు వాచి చెప్పు పట్టక, అప్పటికే ఒక కాలికి చెప్పు, ఒక కాలికి గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు.

"నువ్వూ వేయించుకోవయ్యా మీరా," అన్నాను.

"సూదంటే నాకు చిన్నప్పట్నించీ పడదు శెట్టిగారూ. ముందు మీరు బతికుంటే తర్వాత చూద్దాం," అన్నాడు.

*

ఎండలు ముదిరాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం యార్డు గేటు దగ్గర నా లారీ ఇరుక్కుపోయిందంటే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్లి, డ్రైవర్‌తో అరిచి, తిరిగి వచ్చాను. ప్రతి ఏడూ చేసే పనే. కొట్లోకి వచ్చి కూర్చునేసరికి నడుము రెండు పక్కలా కత్తి దించినట్టయింది. సాయంత్రానికి మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది. తర్వాత అదీ ఆగిపోయింది.

ఆసుపత్రిలో నన్ను అన్నయ్య పడుకున్న యంత్రం లాంటి దాని పక్కనే పడుకోబెట్టారు. కొన్నాళ్లకు కిడ్నీలు తిరిగి పనిలో పడ్డాయి. హైమవతి వచ్చి మంచం పక్కన నిలబడింది.

"మీ మట్టం దాదాపు ఏమీ లేకుండా పడిపోయింది బాబాయిగారూ. ఎక్కువున్న మనిషికి ఇంత పడకూడదు."

"ఎక్కువుందని చెప్పింది మీరేగా."

"నేను కాదు, ఉంగరం."

"ఉంగరం ఎవరిదమ్మా?"

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ తర్వాత చెప్పింది నాకు బాగా అర్థమైంది. యూరిక్ యాసిడ్ మరీ ఎక్కువైనా చేటే, మరీ తగ్గినా చేటే. ఎండలో శ్రమ చేసినప్పుడు ఒంట్లో పుట్టే విషాన్ని కొంత అదే అణచిపెడుతుందట. అది పూర్తిగా లేని మనిషి ఎండలో చెమటోడిస్తే కిడ్నీలు మూసుకుపోతాయి. లివరుకు నేర్పడం తెలుసుగాని మరిపించడం వాళ్లకు ఇంకా తెలియదు.

ఇంటికి వచ్చాక ఒక పగలు కరెంటు పోయింది. గాలి కోసం డాబా ఎక్కాను. మళ్లీ ఆసుపత్రి. ఇంకోసారి అయితే తిరిగిరావడం కష్టమని డాక్టర్లు కనకానికి చెప్పారు. కరెంటు పోయినా జనరేటరు ఆగని చోటు, చెమట పట్టని చోటు ఊళ్లో ఏదా అని ఆలోచిస్తే నా కోల్డ్ స్టోరేజీ తప్ప ఏదీ తోచలేదు. భుజాన దుప్పటి వేసుకుని నా సరుకు దగ్గరికే వచ్చాను. చలికాలంలో తెల్లవారుజామున కాసేపు బయట నడవవచ్చు. మిగతా ఏడంతా ఈ తలుపు లోపలే.

కొట్టు కనకం చూసుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో బేరానికి ఎవరూ దగ్గరికి రాలేదు. ఆడమనిషి వేళ్లు ఎలా పట్టుకుంటామని దూరంగా నిలబడ్డారు. మీరానే కుంటుకుంటూ వచ్చి తువాలు పరిచాడు. "ఇయ్యి చెల్లెమ్మా చెయ్యి. నీ మొగుడు నాకు చేసిన నష్టాలన్నీ నీ దగ్గర రాబట్టుకోవాల," అన్నాడట. రాబట్టుకోలేకపోయాడు. కనకం వేలు నాకంటే మొండిది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపారు. అక్కడితో ఇల్లు నిలబడింది.

ముఠా మేస్త్రి ఏసోబు మా స్టోరేజీలో టిక్కీలు ఎత్తి దించే పని చూస్తాడు. ఒకరోజు మనుషుల్ని లోపలికి పంపి, చెమట తుడుచుకుంటూ నా గది గడపలో చల్లదనానికి కూర్చున్నాడు.

"మాక్కూడా ఏస్తన్నారంట శెట్టిగారూ గింజ. వచ్చే ఆదివారం, కాలనీలోనే."

"మీ మట్టాలు తక్కువేనన్నారుగా?"

"చెమటకి ఉంగరాలు సరిగ్గా చూపియ్యటం లేదంట. బజారోళ్లకే అంతుంటే ఘాటంతా మింగే మాకు ఇంకెంతుండాల అని, మాకూ పెద్ద గింజే రాశారు. ఏయించుకోనోడికి యార్డు పాసు కూడా ఇయ్యరంట."

"మంచిదే," అన్నాను. ఆ రోజున నాకు తెలిసింది అంతే. మొదటి విడతలో గింజ పడిన మిగతా బజారువాళ్లు కొట్ల నీడన బాగానే ఉన్నారు. నా ఒంటికే ఏదో తేడా ఉందనుకున్నాను.

*

మరుసటి రోజు మీరా చూడటానికి వచ్చాడు. బిరియానీ పొట్లం తెచ్చి, నేను తిననని తెలిసి నా ముందే విప్పి తింటూ కూర్చోవడం అతని పద్ధతి. గోడవతల ఉన్న కాయలో కొంత కావాలన్నాడు. కనకంతో మాట్లాడుకోమన్నాను.

"చెల్లెమ్మ పిసినారి. మీరన్నా దయగలోళ్లు," అంటూ చేతులు కడుక్కుని వచ్చి మంచం మీద నా దుప్పటి అంచు లాగి కుడిచెయ్యి చాపాడు. నా వేళ్లు కూడా ఊరికే ఉండలేకపోయాయి. చాలాసేపు పట్టుకున్నాం. బేరం తెగలేదు. అతను తన కాలి నొప్పి సంగతి చెబుతున్నాడు, నేను దోమలు లేని సుఖం గురించి చెబుతున్నాను.

చెయ్యి ఇంకా వదలలేదు, ఫోను మోగింది. హైమవతి.

"బాబాయిగారూ, ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు. ఏంటమ్మా?"

"మీ మట్టం ఒక్కసారిగా పైకి లేచింది. మీరు ఆ గదిలోకి వెళ్లినప్పట్నించీ ఇంత లేవలేదు. కాసేపు ఫోను పెట్టకండి." నేను మీరా చెయ్యి వదిలి ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. "అరె, మళ్లీ పడిపోయింది," అంది.

నేను మీరా చేతివైపు చూశాను. మళ్లీ పట్టుకున్నాను. లేచింది అంది. వదిలాను. పడింది అంది. మీరా నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

ఉంగరానికి మనిషి తెలియడు. వెలుగు ఎంత కండలోంచి పోతే అంత రక్తాన్నీ ఒక మనిషిదే అనుకుంటుంది. తువాలు కింద రెండు వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటే ఇద్దరి మట్టమూ కలిపి ఒకరి పేరున వేస్తుంది. మా బజారు మొత్తం చలికాలమంతా ఒకరి రక్తం ఒకరు కలుపుకుని తూకం వేయించుకున్నాం. కాయ ఘాటుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నా మట్టం ఎప్పుడూ తక్కువే. ముఠా కాలనీ ఉంగరాలు తక్కువ చూపించాయంటే, వాళ్ల మట్టం నిజంగానే తక్కువ. ఆ తక్కువను పెద్ద గింజతో ఇంకా కిందికి తోసి, వాళ్లను రోహిణి ఎండల్లో టిక్కీలు మోయడానికి పంపబోతున్నారు.

హైమవతికి అప్పుడే ఏమీ చెప్పలేదు. ఫోను పెట్టేసి, మీరాకు చెప్పాను. అతను తన వేలు తిప్పి చూసుకుని, "అయితే నా రక్తానికి మీరు మందేయించుకున్నారన్నమాట," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ముందు ఏసోబును పిలిపించాను. గింజ వేయించుకోవద్దని చెప్పాను. ఎందుకని అడిగాడు. తువాలు సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. "నన్ను చూశావుగా" అన్నాను.

"మీరు కూర్చుని తినే ఒళ్లు శెట్టిగారూ, మీకు పడలా. మాకెందుకు పడదు?" అని నవ్వాడు. "ఊరికే వచ్చేది మాదాకా వచ్చేసరికి చెడ్డదయిద్దా? అయినా పాసు లేకుండా నేనేం తినాల, మీ కాయలా?"

ఆ నవ్వులో అనుమానం ఉంది. అతని చోట నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి.

హైమవతిని పిలిచి అప్పుడు చెప్పాను. ఎవరి పేరూ ఎత్తకుండా, ఉంగరం మీద ఇంకో వేలు పడితే ఏమవుతుందని అడిగాను. ఆమె తెలివైందని ముందే చెప్పాను. గోడకు ఆనుకుని, తన రెండు వేళ్లు ఒకదానికొకటి నొక్కి చూసుకుంది.

"నప్పనిది ఇదే," అంది చివరికి. "కాని బాబాయిగారూ, ఆదివారం క్యాంపు ఆపడానికి నా మాట చాలదు. పైవాళ్లు ఘాటు సంగతి దేశమంతా చెప్పుకున్నారు. ఉన్న కొలతల్లోనే తప్పు చూపించాలి."

"ఎలా చూపిస్తావు?"

"ప్రతి ఉంగరంలోనూ నొక్కిన గుర్తులుంటాయి. రెండు ఉంగరాలు ఒకే క్షణంలో నొక్కుకుని, రెండు మట్టాలూ కలిసి లేస్తే ఇక ఎవరూ కాదనలేరు. మీ ఒక్కరిది తెరిచినా చాలు, బజారంతా మీ చెయ్యి పట్టుకున్నవాళ్లే. కాని తెరవడానికి మీరు ఒప్పుకుని వేలిముద్ర వేయాలి. తెరిచిన కొలత ఎవరైనా చూడవచ్చు, అది రూలు."

"నొక్కిన గుర్తులంటే, ఏ కణుపు మీద ఎన్నిసార్లు అనేది కూడానా?"

"అన్నీ."

అంటే ఈ ఏడు మా యార్డులో తువాలు కింద నడిచిన ప్రతి ధరా బయటపడుతుంది. కింద తెగిన ధర ఒకటి, పైన రైతుకు చెప్పిన ధర ఒకటి. ఆ మధ్యలో ఉన్న సందులోనే మా బజారు మొత్తం బతుకుతోంది. నా ఒక్కడి బేరాలే ఇస్తానంటే కుదరదు. నా ప్రతి బేరంలోనూ రెండో చెయ్యి ఒకటుంది. చేతిలో సగం అమ్మలేం.

*

వర్తక సంఘం పెద్ద చలువాది సుబ్బారాయుడు. మా నాన్న వయసువాడు. శాలువా కప్పుకుని నా గదికి వచ్చాడు, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. అంతా విన్నాడు.

"ఆ డాక్టరమ్మ తనంతట తనే కనుక్కుంటుందిలే. చదువుకుంది కదా."

"ఆదివారం లోపల కనుక్కోలేదు బాబాయ్."

"తువాలు కింద మాట బయటికి పోయిన రోజు మన బజారుకు లేదు పాండురంగం. మీ నాన్న నోరు కాలినా చెప్పేవాడు కాదు." శాలువా భుజం మీదికి లాక్కుని నెమ్మదిగా అన్నాడు. "నువ్వు లోపలున్నావు, నీకు పోయేదేమీ లేదు. కనకం బయటుంది. ఆ పిల్ల చేతికి ఇంకెవరైనా చెయ్యి ఇస్తారా? అది చూసుకో."

బెదిరింపు కాదు అది. నేనైనా అదే లెక్క చెప్పేవాణ్ణి.

సాయంత్రం కనకం క్యారియరు తెచ్చింది. నేను తింటున్నంతసేపూ వింది. చలికి కొంగు మెడ చుట్టూ తిప్పుకుని కూర్చుంది.

"చెప్తే కొట్టు మూసుకోవాల్సిందే," అంది. "మళ్లీ ఎక్కడా చెయ్యి పుట్టదు."

"చెప్పకపోతే?"

"ఏసోబు పెళ్లాం మన గోతాలు కుట్టిద్ది. పొద్దున కూడా నా ఎదురుగానే కూర్చుని కుట్టింది. వాళ్ల పెద్దోడు ఈ ఏడే ముఠాలో చేరాడంట, వాడికీ గింజేస్తున్నారని సంబరంగా చెప్పింది." క్యారియరు గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టింది. "నాతో చెప్పమనీ అనిపించొద్దు, వద్దనీ అనిపించొద్దు. వేలు మీది. తర్వాత నా మీద పెట్టేరు."

మీరా ఫోను చేశాడు. అతని గొంతులో ఎప్పుడూ ఉండే ఆట లేదు.

"శెట్టిగారూ, సుబ్బారాయుడుగారు చెప్పారు. నిజమేనా?"

"నిజమే."

"మీ చెయ్యి తెరిస్తే నాది కూడా తెరిచినట్టే. నేను మీకు చెయ్యిచ్చింది నమ్మి. మీకేం, ఆ గదిలో మీ మీద రాయి కూడా పడదు. నేను రోడ్డు మీద తిరగాల, అదీ ఒంటికాలి మీద."

"మీరా, నీ మట్టం నిజంగానే ఎక్కువ. గింజ నీకు పనికొచ్చే సరుకు. భయం మానుకుని వేయించుకో."

"నా సంగతి మీకెందుకండీ," అని పెట్టేశాడు. ఇన్నేళ్లలో అతను నాతో శెట్టిగారూ అని తప్ప అలా అండీ అని మాట్లాడలేదు.

ఆలోచించడానికి నాకు చోటు తక్కువ. నాలుగు అడుగులు వేస్తే గోడ. ఒక తక్కెడలో కనకం కొట్టు, మీరా పరువు, మా నాన్న నుంచి వచ్చిన పేరు పెట్టాను. రెండో తక్కెడలో కాలనీని పెట్టాను. ఎంత తూచినా ముల్లు నిలవలేదు. ఎందుకంటే నేను ఎప్పుడూ తూచింది నాకు వచ్చేదీ నాకు పోయేదీ. ఇందులో నాకు వచ్చేది ఏమీ లేదు. చెప్పినా ఈ గదే, చెప్పకపోయినా ఈ గదే. అప్పుడు ఇంకో రకంగా చూశాను. ఏసోబు నాలాగే పడిపోతే అతన్ని ఏ చల్లని గదిలో పెడతారు? అతని కొడుకును? ఇలాంటి గది ఊళ్లో ఎవరెవరికి ఉంది? వాళ్లు రెండోసారి పడకముందే మానేయడానికి వాళ్ల పని కూర్చుని చేసేది కాదు. ఆ లెక్కకు ఒకే జవాబు వచ్చింది.

శుక్రవారం హైమవతిని రమ్మన్నాను. ఆమె చాపిన అద్దం పలక మీద వేలిముద్ర వేశాను. చలికి వేలు బిగుసుకుపోయి మొదటిసారి పడలేదు. నోటితో ఊది, వెచ్చచేసి మళ్లీ వేశాను.

"బాబాయిగారూ," అని ఏదో అనబోయింది.

"ముందు వెళ్లి ఆపు తల్లీ. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను.

*

క్యాంపు ఆగింది. వేసిన పందిరి శనివారం సాయంత్రం విప్పేశారు. తప్పు ఒప్పుకోవడానికి పైవాళ్లు కాస్త గింజుకున్నారుగాని, గుర్తులు చూశాక వాళ్లకు తప్పలేదు. కుడిచేతుల ఉంగరాలు తీయించి, ఎడమచేతులకు పెట్టించి బజారును మళ్లీ కొలిచారు. మా మట్టం అన్ని వీధులకంటే కింద ఉంది.

గుర్తులు రైతుల చేతికి చేరడానికి ఎక్కువ కాలం పట్టలేదు. వాళ్లు ప్రతి ధరా చదువుకున్నారు. యార్డు గేట్లకు అడ్డంగా ట్రాక్టర్లు నిలబెట్టారు. మా కొట్టు బోర్డు పీకి కాలవలో వేశారు. సంఘం నుంచి నా పేరు కొట్టేశారు. తువాలు కింద బేరం చేస్తే లైసెన్సు రద్దని పెద్ద అక్షరాలతో రాసి యార్డులో కట్టారు. మీరా కొండ్రుపాడు వదిలి వేరే యార్డుకు మారాడు. వెళ్లేముందు కేంద్రానికి పోయి గింజ వేయించుకున్నాడని, ఇప్పుడు రెండు కాళ్లకూ చెప్పులు వేసుకుంటున్నాడని హైమవతి చెప్పింది.

"నా పేరేమైనా ఎత్తాడా?"

"లేదు బాబాయిగారూ."

కనకానికి ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. కొట్టు అద్దెకిచ్చేసి, స్టోరేజీ ఒక్కటే చూసుకుంటోంది. సరుకు పెట్టుకునేవాళ్లు ఆమెతో అవసరమైనంత మాట్లాడి వెళ్లిపోతారు. క్యారియరు తెచ్చినప్పుడు నాతో అన్నీ చెబుతుంది, బజారు సంగతి తప్ప. నేనూ అడగను.

యార్డు మూతపడిన రోజుల్లో ముఠాకు కూలి లేదు. తమకు వచ్చే మందును శెట్టి ఆపించాడని కాలనీలో అనుకున్నారు. ఏసోబు ఒకసారి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. హైమవతి వాళ్లకు కూర్చోబెట్టి చెప్పిందట.

"ఆయమ్మ చెప్పింది అర్థమయింది. ఎంతమందికి అర్థమయిందో నాకు తెలవదు," అన్నాడు. "మీరు మంచికే చేశారనుకుందాం. దానికి మా పొయ్యి ఎలగలేదుగా."

రానిదాన్ని ఎవరికీ చూపించలేం. రాకుండా పోయిన జబ్బుకు నమూనా ఉండదు.

మళ్లీ ఎండాకాలం వచ్చింది. యార్డు తెరుచుకుని చాలా కాలమైంది. నిన్న మధ్యాహ్నం స్టోరేజీకి లారీ వచ్చింది. పెద్ద తలుపు తీసి ఉంచితే నా గదిలోంచి బయట కొంత కనిపిస్తుంది. ఏసోబూ, అతని కొడుకూ ఎదురెదురుగా నిలబడి టిక్కీలు దించుతున్నారు. కుర్రాడి వీపు మీద చొక్కా పూర్తిగా తడిసి అతుక్కుపోయింది. నీళ్లు గటగటా తాగి, మిగిలినవి నెత్తిన పోసుకుని, మళ్లీ భుజం పెట్టాడు. ఆ ఎండలో అలా చెమట కారుతున్న మనిషిని చూస్తూ ఎంతసేపైనా ఉండవచ్చు. లేచి గడప దాకా వచ్చి తలుపు ఇంకాస్త తెరిచాను. వేడిగాలి మొహానికి కొట్టింది.

ఏసోబు చూశాడు. భుజం మీది టిక్కీ దించకుండానే కసిరాడు.

"ఆ తలుపు ఏసుకోండి శెట్టిగారూ. చల్లదనమంతా బయటికి పోతంది, సరుకు పాడయిద్ది."

లోపలివైపు నుంచి తలుపు వేసుకున్నాను.